మూతబడ్డ మిల్లులో ఒక రాత్రి పాళీ

ముంబైలో దయ్యాల మిల్లులని పేరు పడ్డవన్నీ మూతబడ్డ మిల్లులే. నడిచే మిల్లులో దయ్యం ఉందని మన చాళ్ళలో పెద్దలెవరూ చెప్పగా నేను వినలేదు. మూడు పాళీలు, పాళీకొక భోంగా, వందల సాంచాలు ఒక్కసారే కొట్టుకుంటుంటే పక్కనోడి మాటే వినబడేది కాదు. దయ్యం ఏడ్చినా ఎవరికి వినబడాలి?

ఈ మాట ఎందుకు ఎత్తానంటే, మా అక్క కొడుకు ఒక మిల్లులో రాత్రి వాచ్‌మన్‌గా చేరాడు. ఇరవై రెండేళ్ళ పిల్లగాడు. లోయర్ పరేల్ వైపు ఒక పాత మిల్లు కాంపౌండ్. పేరు ఇక్కడ అక్కర్లేదు. ఒకప్పటి సాంచాఖాతా షెడ్డుకు మధ్యలో ప్లైవుడ్ గోడలు కొట్టి, ముందు సగం గాలాలుగా కిరాయికిచ్చారు. ఒకటి రెడీమేడ్ బట్టల గోడౌన్, ఒకటి ప్రింటింగ్ ప్రెస్, ఒకటి కొరియర్ ఆఫీసు. వెనక సగం ఖాళీ. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా వాడొక్కడే.

రెండు నెలలకే వాడు సగమయ్యాడు. మూడు సంగతులు చెప్పాడు. ఒకటి, పొద్దుగూకినాక తలమీద ఎవరో నడుస్తున్న చప్పుడు. ఆ షెడ్డుకు మేడ లేదు, పైన రేకులే. రెండు, నడిజామున ఖాళీ ఖాతాలోంచి ఆడమనిషి ఏడుపు. మూడు, తెల్లవారుజామున గుండెలమీద ఎవరో కూర్చున్నట్టు బరువు. కాలూ చెయ్యీ కదలదు, నోరు పెగలదు, గుమ్మంలో నల్లగా ఒక ఆకారం.

"గాలి సోకింది," అన్నది మా అక్క. ఎవరో భూతవైద్యుణ్ణి చూపించారట. పదిహేను వేలు అడిగాడు. ఉద్యోగం మానిపిద్దామంటే ఇంటికొచ్చే జీతం అదొక్కటే. బావ కిడ్నీ జబ్బుతో మంచంలో ఉన్నాడు.

మా చాళ్ళో ఫిట్టర్ కాక అంటే తెలియనివాళ్ళు లేరు. కరీంనగర్ జిల్లా నుంచి పదిహేనేళ్ళప్పుడు వచ్చి, సాంచాఖాతాలో బదిలీగా చేరి, ఫిట్టర్ అయిన మనిషి. ఆయన మాట సూటిగా ఉంటుంది. "మిషన్ల చప్పుడొస్తే ముందుగాల ఇప్పి చూస్తం బిడ్డా. టెంకాయ తర్వాత కొడ్తం. గా పైసలు జేబులనే పెట్టుమను. ఒక్క పాళీ మనం పోయి కూసుందాం."

మా అక్క ఊరుకోలేదు. "కొలాబా మిల్లు చూడు తమ్మీ. సినిమావాళ్ళే పొద్దుగూకితే ఉండరట," అన్నది. సరే, అదీ చూద్దామని శనివారం మధ్యాహ్నం కాకా నేనూ చర్చ్‌గేట్ లోకల్ ఎక్కి, అక్కడ బస్సు పట్టుకుని కొలాబా పోయాం.

ఆమె చెప్పింది ముకేష్ మిల్లు గురించి. మన పరేల్, లాల్‌బాగ్ మిల్లులన్నీ ఊరి నడుమ ఉంటే, ఇది ద్వీపం దక్షిణ కొసన, ససూన్ డాక్ దాటాక సముద్రం ఒడ్డునే ఉంది. 1980ల మొదట్లో నిప్పంటుకుని, ఆ తర్వాత మూతబడింది. అప్పటినుంచి అందులో బట్ట నేసింది లేదు గానీ సినిమాలు చాలా తీశారు. 1991లో వచ్చిన 'హమ్' సినిమాలో అమితాబ్ బచ్చన్ 'జుమ్మా చుమ్మా' పాట తీసింది ఇక్కడే. షూటింగులో ఒక అమ్మాయి మగగొంతుతో "ఇక్కణ్ణుంచి వెళ్ళిపోండి" అన్నదని ఒక కథ. లైట్లు వాటంతట అవే ఆరిపోతాయని ఇంకో కథ.

మేము లోపలికి పోలేదు, బయటినుంచే చూశాం. నల్లబడ్డ రాతి గోడలు, గోడల్లోంచి మొలిచిన రావిచెట్లు, తలుపుల్లేని కిటికీల్లోంచి ఆకాశం. కాక చాలాసేపు చూసి ఒకటే అన్నాడు. "పైన కప్పు లేదు, ఎన్కన సముద్రం. ఉప్పుగాలి ఇనుమును తింటనే ఉంటది. గసొంటి దాంట్ల చప్పుడు కాకుంటే గదీ ఇచిత్రం."

తిరుగు బండిలో కిటికీ పక్కన కూర్చుని కాక సమ్మె సంగతి ఎత్తాడు. మన ఇళ్ళలో అందరికీ తెలిసిందే అయినా పిల్లల కోసం రాస్తున్నాను. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో మొదలైంది. దాదాపు రెండున్నర లక్షల మంది కార్మికులు బయటికొచ్చారు. ఏడాది దాటినా తెగలేదు. ఆ సమ్మె ముగిసిందని ఏనాడూ ఎవరూ ప్రకటించలేదు. జనం ఒక్కొక్కరే చెదిరిపోయారు. కొందరు మళ్ళీ పనిలోకి, కొందరు భివండీ పవర్‌లూములకు, కొందరు సోలాపూర్‌కు, కొందరు పుట్టిన ఊళ్ళకు. వర్లీ బి.డి.డి. చాళ్ళ నుంచి కామాటిపురా దాకా మనవాళ్ళున్న ప్రతి సందులో ఆ ఏడాది మంగళసూత్రాలు తాకట్టుకు పోయాయి.

లోయర్ పరేల్‌లో దిగి ఫీనిక్స్ మాల్ ముందునుంచి నడిచాం. అది ఫీనిక్స్ మిల్లు. దాని చిమ్నీ ఇంకా నిలబడే ఉంది. ఆ సమ్మె ఇక్కడా జరిగింది, ఇక్కడి కార్మికులూ రోడ్డున పడ్డారు. మరి ఇక్కడ దయ్యం ఎందుకు లేదు? రాత్రి పదింటికి కూడా దీపాలు, పాటలు, పిల్లల కేకలు. కాక నవ్వాడు. "కరెంట్ బిల్లు కట్టే తావుల దయ్యం నిలువదు బిడ్డా."

పిల్లగాడి కాంపౌండ్‌కు చేరేసరికి ఎనిమిదిన్నర. కాక సంచిలో టార్చి, పానా, ఒక గోనెసంచి, బీడీకట్ట ఉన్నాయి. ముగ్గురం కేబిన్ బయట బల్లమీద కూర్చున్నాం. తొమ్మిది దాటాక మొదలైంది. టక్... టక్... టక్... గోడ వైపునుంచి మా తలల మీదుగా అవతలికి, నిజంగా మనిషి నడిచినట్టే. పిల్లగాడు నా మోచెయ్యి పట్టుకున్నాడు. నాకూ వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

కాక లేచి టార్చి పైకి కొట్టాడు. పాత సాంచాఖాతా కప్పు రంపం పళ్ళలాగా ఉంటుంది. ఒకవైపు అద్దాలు, ఒకవైపు రేకులు. వెలుతురు రావాలి, ఎండ పడొద్దు, అందుకని అలా కట్టేవారు. "పగలంత ఎండకు రేకు సాగుతది. పొద్దుగూకినంక సల్లబడి ముడుచుకుంటది. బోల్టు కాడ బిగుసుకుని ఒక్కపారి జారుతది. ఒక రేకు జారితె పక్క రేకు మీద జోరు పడ్తది, గదీ జారుతది. వరసల పోతది గనకనె నడిషినట్టు. మీ మామను అడుగు, పొద్దున ఎండ పొడిసినప్పుడు గూడ మోగుతది. పగటి లొల్లిల నీకు ఇనబడదు." పదకొండు గంటల తర్వాత చప్పుళ్ళ మధ్య ఎడం పెరిగింది, పన్నెండుకు ఆగిపోయింది. పిల్లగాడు గడియారం చూసుకుంటూ, "అవును తాతా, రోజూ గింతనే," అన్నాడు.

ఏడుపు కోసం ఒంటిగంట దాకా ఆగాల్సి వచ్చింది. సముద్రం వైపునుంచి గాలి లేచింది. ఖాళీ ఖాతాలోంచి సన్నగా, సాగదీసినట్టు, నిజంగా ఏడుపే. ముగ్గురం లోపలికి నడిచాం. కాక బీడీ ముట్టించి పొగ వదులుతూ గోడవెంట పోయాడు. ఒకచోట పొగ తిన్నగా ఒక రేకు గొట్టం మూతిలోకి లాక్కుపోయింది. మిల్లులో నూలు తెగకుండా ఖాతాలోకి తడిగాలి పంపేవారు. ఆ గొట్టాల్లో మిగిలిన ముక్క అది. అవతలి కొస బయటికి తెరుచుకుని ఉంది. పిల్లనగ్రోవి ఎట్లా పలుకుతుందో ఇదీ అంతే. కాక గోనెసంచి కుక్కాడు. ఏడుపు ఆగింది. "ఇప్పుడు నువ్వు తియ్యిరా," అన్నాడు. వాడు భయపడుతూ లాగాడు. మళ్ళీ ఏడుపు. కుక్కాడు, ఆగింది. మూడుసార్లు చేశాక వాడి ముఖంలో రక్తం వచ్చింది.

ఇట్లా వెతికింది కాక ఒక్కడే కాదు. ఇంగ్లండులో కోవెంట్రీ ఊళ్ళో విక్ టాండీ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన పనిచేసే ల్యాబులో అందరికీ ఒళ్ళు గగుర్పొడిచేది. ఒక రాత్రి ఆయనకే కంటికొసన బూడిదరంగు ఆకారం కనబడి, తిరిగి చూస్తే మాయమైంది. మర్నాడు కత్తిసాము పోటీ కోసం తన కత్తిని వైసులో బిగిస్తే, ఎవరూ ముట్టకుండానే దాని కొస ఊగింది. వెతికితే, కొత్తగా పెట్టిన ఎగ్జాస్ట్ ఫ్యాన్ సెకనుకు సుమారు 19 సార్లు గాలిని కంపింపజేస్తోంది. మన చెవికి అందనంత లోతైన చప్పుడది. ఫ్యాను బిగింపు మార్చేసరికి ఆ భయమూ పోయింది. 1998లో ఆయన దీన్ని రాసి అచ్చువేశాడు. అన్నిచోట్లా ఇదే కారణమని కాదు. కానీ ఫ్యాను ఊగితే మనిషి గుండె ఊగుతుందని మిల్లులో చేసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

ఇక గుండెలమీద బరువు. దీనికి పానా పనికిరాదు. మా చాళ్ళ దగ్గరి డాక్టరమ్మను ముందే అడిగి వెళ్ళాను. కలలు వచ్చే నిద్రలో మన ఒళ్ళు కదలకుండా శరీరమే బిగబట్టి ఉంచుతుందట. కలలో పరుగెత్తినా మంచం మీదినుంచి పడకుండా ఉండేది అందుకే. ఒక్కోసారి మెదడు ముందు మేలుకుంటుంది, ఒళ్ళు ఇంకా విడుదల కాదు. కళ్ళు తెరిచి ఉంటాయి, కల నడుస్తూనే ఉంటుంది. బరువూ, ఆకారమూ అవే. నిద్ర చాలనివాళ్ళకు, పాళీలు మారేవాళ్ళకు, వెల్లకిలా పడుకున్నప్పుడు ఎక్కువగా వస్తుంది. ప్రాణానికి ప్రమాదం లేదు.

"పగలు ఎంతసేపు పంటవురా?" అని అడిగాను. వాడు లెక్కపెట్టి "మూడు గంటలు" అన్నాడు. 160 చదరపు అడుగుల గదిలో అయిదుగురు, టీవీ, కుక్కర్ కూతలు, మంచంలో తండ్రి. పన్నెండు గంటల డ్యూటీ చేసి మూడు గంటలు పడుకునే పిల్లగాడి గుండెలమీద ఎక్కిందేమిటో నాకు అప్పుడు తెలిసింది.

మూడు దాటాక కాక మళ్ళీ ఖాళీ ఖాతాలోకి పోయాడు. ఈసారి పిల్లగాడే టార్చి పట్టాడు. షాబాదు బండల మీద వరసగా బొక్కలు. "నాలుగు బొక్కలకు ఒక సాంచా. ఇగో, గీడొకటి, గాడొకటి, జోడి. నడుమ నేతగాడు నిలబడేది." ఆ నడుమ బండ అరిగి గుంటపడి ఉంది. పిల్లగాడు చెప్పు విప్పి ఆ గుంటలో కాలు పెట్టి చూశాడు. కాక వేరే మిల్లులో చేసినవాడే. అయినా ఆ చోట ఎవరు నిలబడి ఉంటారో, బీమ్ మార్చేవాళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చేవారో, జాబర్ ఎక్కడ నిలబడి తిట్టేవాడో, దసరాకు ఏ మూల పూజ చేసేవారో చూపించాడు. "గీడ సచ్చినోళ్ళు లేరురా. గీడికెల్లి పోయినోళ్ళున్నరు. మీ తాత గూడ గసొంటి గుంటలనే నిలబడ్డడు." వాళ్ళ తాత నేతగాడని వాడికి తెలుసు. రెండు సాంచాల మధ్య ఎనిమిది గంటలు నిలబడటం అంటే ఏమిటో తెలియదు. తెల్లారేదాకా అడుగుతూనే ఉన్నాడు.

ఆ తర్వాత జరిగింది చిన్నదే. మన సమాజం హాలు మీది గది పగలు ఖాళీగానే ఉంటుంది. పెద్దలతో మాట్లాడి పిల్లగాడికి అక్కడ చాప వేయించాం. ఇప్పుడు ఆరేడు గంటలు పడుకుంటున్నాడు. బరువు ఒకసారి మళ్ళీ వచ్చిందట. కాలి బొటనవేలు కదిలించడానికి చూశానని, కాసేపటికి విడిచిందని చెప్పాడు. పన్నెండు గంటల డ్యూటీ మాత్రం అట్లాగే ఉంది. దాని గురించి కాంట్రాక్టరుతో మాట్లాడటం మిగిలే ఉంది. ఆ పని గోనెసంచితో అయ్యేది కాదు.

అక్కచెల్లెళ్ళకు ఒక మాట. మహారాష్ట్రలో 2013లో చట్టం వచ్చింది. దయ్యం వదిలిస్తామని మనిషిని కట్టేసినా, కొట్టినా, మిరపకాయల పొగ పెట్టినా అది నేరం. దానికోసం ఏళ్ళతరబడి పోరాడిన డాక్టర్ నరేంద్ర దభోల్కర్‌ను ఆ ఏడాది ఆగస్టు 20న పూణేలో కాల్చి చంపాకే అది వచ్చింది. దేవుడికి దండం పెట్టుకోండి, దిష్టి తీసుకోండి, ఎవరూ కాదనరు. కానీ పిల్ల భయపడితే డబ్బు తీసేముందు ఒక రాత్రి పక్కన కూర్చోండి. చప్పుడు ఏ వేళకు వస్తోందో రాసుకోండి. ఎన్ని గంటలు పడుకుంటున్నాడో అడగండి. తలనొప్పి, వాంతి కూడా ఉంటే మూసిన గదిలో బొగ్గుల కుంపటి గానీ జనరేటర్ పొగ గానీ ఉందేమో చూసి, ముందు తలుపులు తెరవండి. ఆ పొగ నిజంగానే ప్రాణం తీస్తుంది.

ఇంట్లో సాంచాఖాతా చూసిన ముసలివాళ్ళు ఉంటే ఆ పిల్లల్ని వాళ్ళ దగ్గర కూర్చోబెట్టండి. మన చాళ్ళలో ఫిట్టర్లు ఇంకా కొద్దిమందే ఉన్నారు.