కొత్తాకా, పాతాకా?

మాకో కరివేపాకు మొక్కుంది. అమెరికాలో తెలుగువాళ్ళ ఇంట్లో కరివేపాకు ఉండటం కూడా ఒక విశేషమేనా అనకండి. 2019 వేసవిలో అమ్మ డాలస్ వచ్చినప్పుడు, ఎదురింటావిడ కుండీలో చెట్టు కింద రాలిన నల్లటి పళ్ళు ఏరుకొచ్చి, గుజ్జు తీసేసి, ఆ సాయంత్రమే నాటేసింది. గింజ ఎండితే మొలవదని ఆవిడ తొందర. ఆరు గింజల్లో మొలిచినవి రెండు, నిలిచింది ఒకటి. తర్వాత అమ్మకి మోకాళ్ళ ఆపరేషన్లయ్యాయి. అంతసేపు విమానంలో కూర్చోవడం ఇక నావల్ల కాదని తేల్చి చెప్పేసింది. అలా ఆవిడ వచ్చివెళ్ళిన గుర్తుగా మా ఇంట్లో మిగిలింది ఈ మొక్కే.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్ గడ్డకట్టి రోజుల తరబడి కరెంటు పోయినప్పుడు కూడా మా పిల్లలతో పాటు దుప్పట్లో దూరి బతికిందిది. అలాంటిది 2024 ఎండాకాలానికి గిడసబారిపోయింది. కొలత చూస్తే ఏడాదిగా అంగుళం ఎదగలేదు. చిగుళ్ళు వస్తున్నాయి గానీ అవి ఆకులా, కాగితాలా అన్నట్టు పాలిపోయి ఉన్నాయి. వాసన కూడా అంతంతమాత్రం.

ప్రతి ఆదివారం వీడియో కాల్లో అమ్మ అడిగే మొదటి మూడు ప్రశ్నల్లో ఒకటి "కరివేపాకు ఎట్లుండాది?" అని. "బాగుందమ్మా" అని ఫోను పిల్లల వైపు తిప్పేవాణ్ణి. ఇలా ఎన్ని నెలలు!

నేనసలే ఇరవయ్యేళ్ళుగా ఇతరుల కోడులో తప్పులు వెతికి పొట్టపోసుకుంటున్నవాణ్ణి. ఒక మొక్క సంగతి తేల్చలేనా అనుకున్నాను. ఆకు పసుపెక్కింది అంటే నత్రజని తక్కువ, యూరియా వేశాను. వారానికి ఎప్సమ్ సాల్టు వేశాను. ఇంకో వారానికి ఎవరో చెప్పారని పుల్లమజ్జిగ. కోడిగుడ్డు పెంకులు. బొగ్గుల పొయ్యి బూడిద. నీళ్ళు ఎక్కువయ్యాయేమోనని తగ్గించి, తక్కువయ్యాయేమోనని పెంచి. (ఆకు పాలిపోవడం గురించి చదవబోతే, గంజాయి పెంచేవాళ్ళు రాసినంత శ్రద్ధగా మరెవరూ రాయలేదు. ఇది కరివేపాకే బాబోయ్ అని మా ఆవిడకి సంజాయిషీ చెప్పుకోవాల్సొచ్చింది :-)) ఆఫీసులో ఎవడైనా జూనియరు ఒకేసారి ఐదు మార్పులు చేసి "ఏది పనిచేసిందో తెలీదు సార్" అంటే వాడికి క్లాసు పీకే మనిషిని నేను.

ఒక ఆదివారం అమ్మ వదల్లేదు, చూపించాల్సిందే అంది. సిగ్గు విడిచి చెప్తున్నాను, రోడ్డు దాటి వెళ్ళి ఎదురింటావిడ చెట్టు చూపించాను. అమ్మ రెండు క్షణాలు చూసి, "ఇది మనది కాదు కదరా. మనదానికి మొదట్లోనే రెండు కొమ్మలు చీలుంటాయి" అంది. ఐదేళ్ళ కింద వదిలేసి వెళ్ళిన మొక్క అది!

ఇక ఇంటికొచ్చి అసలుది చూపించక తప్పలేదు. అమ్మ ఏమీ అనలేదు. వెనకాల పేపరు చదువుతున్న నాన్న మాత్రం కళ్ళజోడు సర్దుకుని ఫోను దగ్గరికొచ్చాడు. మాది కడప జిల్లా, ఆయన చీనీ తోట మీద నలభయ్యేళ్ళు బతికిన మనిషి. ఒకటే అడిగాడు. "పసుపు యా ఆకుల్లో రా? కొత్తాకుల్లోనా, పాతాకుల్లోనా?"

అన్ని నెలల్లో నేను ఆ సంగతి చూడనే లేదు. చూస్తే కింది ఆకులు పచ్చగానే ఉన్నాయి, పసుపంతా చిగుళ్ళలో. అందులోనూ ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగమే పాలిపోయింది.

"అయితే యూరియా కాదు, ఇనుము" అన్నాడు. లాజిక్ ఇది. నత్రజని, మెగ్నీషియం లాంటివి మొక్కలో కదిలే సరుకు. తక్కువైతే మొక్క వాటిని పాతాకుల్లోంచి లాగి చిగురుకి పంపుతుంది, అందుకని పసుపు కింద మొదలవుతుంది. ఇనుము అలా కదలదు. వేరు నుంచి కొత్తగా రాకపోతే చిగురుకి ఉండదు. చీనీకి, కరివేపాకుకి కుటుంబం ఒకటే కాబట్టి నాన్నకిది పాత చుట్టమే.

"యా మట్టి పోసినావు?" అన్నది రెండో ప్రశ్న. ఇక్కడే దొరికిపోయాను. 2023 వసంతంలో కుండీ మార్చేటప్పుడు, మట్టిని కూడా డబ్బులిచ్చి కొంటామా అని పెరట్లో తవ్వి సగం పైన కలిపాను. ఉత్తర టెక్సాస్ నేల అచ్చంగా మన నల్లరేగడే. తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు, లోపలంతా సున్నం. ఆ మట్టి గుప్పెడు తీసి వెనిగర్ పోశాను. సోడాలా బుస్సుమంది. సున్నమున్న నేలలో పీహెచ్ ఎక్కువ కాబట్టి ఇనుము ఎంతున్నా వేరుకి అందని రూపంలో ఉండిపోతుంది. పైపెచ్చు మా కుళాయి నీళ్ళకి స్ట్రిప్ పెడితే 8 దాటింది. నేను ప్రేమగా వేసిన బూడిదా, గుడ్డు పెంకులూ అదే నిప్పుకి నెయ్యి. చేసిన మార్పుల్లో కాస్త సరైన దిశలో ఉన్నది ఆ పుల్లమజ్జిగ ఒక్కటే, అదీ ఏ మూలకొస్తుంది?

అయినా నాన్న వెంటనే కుండీ మార్చమనలేదు. లీటరు నీళ్ళకి ఐదు గ్రాముల అన్నభేది, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి "ఒక్క కొమ్మకే కొట్టు. చెట్టంతా కొడితే యాడ తెలుస్తాది?" అన్నాడు. అన్నభేది అంటే ఫెర్రస్ సల్ఫేటు, ఇక్కడ తోట సామాన్ల షాపులో దొరుకుతుంది. సాయంత్రం ఎండ తగ్గాక చీలిన రెండు కొమ్మల్లో ఎడమదానికే కొట్టాను. వారం తిరిగేసరికి ఆ కొమ్మ మీద పచ్చటి మచ్చలు, తర్వాత మచ్చలు కలిసిపోయి ఆకంతా. కుడి కొమ్మ అలాగే ఉంది. ఇంత శుభ్రమైన టెస్టు రిజల్టు నా ఉద్యోగంలో నేను చూళ్ళేదు.

పిచికారీ ఆకుకే గానీ రోగానికి మందు కాదు. అందుకని మట్టి మొత్తం దులిపేశాను. వేళ్ళు జిగురుమట్టిలో ఊపిరాడక గోధుమరంగుకి తిరిగి ఉన్నాయి, ఎదుగుదల ఆగిపోవడానికి అదీ ఒక కారణం. పైన్ బెరడు, పీట్ కలిపిన తేలిక మట్టిలో పెట్టి, వాన పడితే బకెట్లు పెట్టి ఆ నీళ్ళే పోస్తున్నాను. మట్టిలో వేసే ఇనుము కొనేవాళ్ళు ఒకటి చూసుకోండి. ఈడీటీఏ అని రాసున్నది ఇలాంటి నీళ్ళకి పనికిరాదు, ఈడీడీహెచ్ఏ అని ఉన్నది కావాలి. పీహెచ్ 8 దాటినా అది ఇనుముని వదలదు.

చలికాలమంతా ఏమీ కదల్లేదు, అది దాని నిద్ర. 2025 ఏప్రిల్లో ఒక్కసారి లేచింది. ఇప్పుడు నా నడుము దాకా వచ్చింది. కాలిఫోర్నియాలో మా బావమరిది ఒక పిలక అడిగాడు గానీ ఇవ్వకూడదు. నిమ్మజాతి తోటల్ని నాశనం చేసే తెగుల్ని మోసే పురుగుకి కరివేపాకంటే మహా ఇష్టం, 2012లో ఆ తెగులు టెక్సాస్‌లోనూ, కాలిఫోర్నియాలోనూ బయటపడింది. మొక్కలు అటూఇటూ పంపడం మీద క్వారంటీన్ ఉంది. బావమరిది అలిగాడు. నాన్న మాత్రం "మంచి పని చేసినావు" అన్నాడు.

ఇప్పుడు ఆదివారాలు ఫోను నాన్న చేతికి పోతోంది. "ఈనెలు చూపీ, ఇంకా దగ్గరికి పెట్టు" అంటాడు. తోట గురించి ఆయన నాతో ఇంతసేపు మాట్లాడటం, నేను కూర్చుని వినడం ఇదే మొదలు. ఇంటర్ సెలవుల్లో తోటకి రమ్మంటే తప్పించుకు తిరిగింది నేనే మరి.

అమ్మకి మాత్రం ఇంకా తృప్తి లేదు. ఆకు కోయడానికి నాకు చేతులాడటం లేదని తెలిసి మొన్న గట్టిగానే పెట్టింది. "చివర్లు తుంచకపోతే కొమ్మలెట్లా వస్తాయిరా? తాలింపులో వేసుకోకుండా ఫొటోలు తీసుకునేదానికా నేను నాటింది?"