మూసిన తలుపుకు ఇవతల

గండుపిల్లికి మూత్రం బిగిసిందంటే గంటలు లెక్కపెట్టుకోవాల్సిన జబ్బు వచ్చినట్టే. ఆడపిల్లి మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. గండుపిల్లిది పొడవు, చివరికొచ్చేసరికి బాగా సన్నం. సన్నని ఇసుకలాంటి స్ఫటికాలో, జిగురు ముద్దో అక్కడ అడ్డుపడితే చుక్క కూడా బయటికి రాదు. మూత్రాశయం బత్తాయికాయలా ఉబ్బి గట్టిపడుతుంది. మూత్రంతో పోవాల్సిన పొటాషియం రక్తంలో పేరుకుని గుండెను దెబ్బతీస్తుంది. కొట్టుకునే వేగం తగ్గుతుంది, లయ తప్పుతుంది. అడ్డు తీయకపోతే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది.

ఇంట్లోవాళ్లు దీన్ని మొదట పోల్చుకోలేరు. పిల్లి మాటిమాటికీ ఇసుక తొట్టిలోకి వెళ్లి కూర్చుంటుంది, ముక్కుతుంది, లేచి తొట్టి అంచు దాటుతుంది, రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి వస్తుంది. చూసేవాళ్లకు అది మలబద్ధకంలా కనిపిస్తుంది. పెద్దవాళ్లెవరో చెంచాడు ఆముదం పట్టిస్తారు. పొద్దంతా అలాగే గడిచిపోతుంది. రాత్రి పదింటికి అది మంచం కిందికి దూరి, వాంతి చేసుకుని, ఎన్నడూ వినని బొంగురు గొంతుతో అరుస్తుంది. నేలమీద గులాబి రంగు చుక్క ఒకటి కనిపిస్తుంది. అప్పుడు మొదలవుతుంది ఫోన్లు చేయడం. ఇందులో ఆ ఇంటివాళ్లను తప్పుపట్టడం న్యాయం కాదు. రెండు బాధల్లోనూ పిల్లి కూర్చునే తీరు ఒకటే.

ఆ వేళకు వెళ్లడానికి చోట్లు తక్కువ. తెలుగునాట పశువైద్యం పాడినీ సేద్యాన్నీ ఆసరా చేసుకుని పెరిగింది. ప్రభుత్వ పశువైద్యశాలలకు వచ్చేవి ఎక్కువగా ఆవులు, గేదెలు, గొర్రెలు, మేకలు. 1962 నంబరుకు ఫోను చేస్తే వచ్చే సంచార వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలయ్యాయి. వైద్యాన్ని రైతు ఇంటి ముంగిటికి తెచ్చిన మంచి ఏర్పాటు అది. కాని దాని ముఖ్య లక్ష్యం పాడిపశువులు, జీవాలు. పని ప్రధానంగా పగటిపూట. అపార్టుమెంటులో పెరిగే పిల్లికి అర్ధరాత్రి దిక్కు ప్రైవేటు క్లినిక్కే. హైదరాబాదులాంటి నగరంలో రాత్రంతా తెరిచి ఉండేవి దొరుకుతాయి. చిన్న ఊళ్లలో తెలిసిన డాక్టరుగారు ఫోనెత్తితే అదృష్టం.

కూరగాయల బుట్టలో పాత తువ్వాలు పరిచి, పిల్లిని పడుకోబెట్టి, పైన చున్నీ కప్పి ఆటోలో బయల్దేరతారు. క్లినిక్కు షట్టరు సగం దించి ఉంటుంది. కాంపౌండరు కుర్రాడు కళ్లు నులుముకుంటూ వచ్చి బుట్ట అందుకుంటాడు. పేరు, వయసు, బరువు రాసుకుంటాడు. అడ్వాన్సు కట్టమంటాడు. తలుపు మూసుకుంటుంది. లోపలినుంచి పిల్లి అరుపు వినిపిస్తూనే ఉంటుంది, ఉన్నట్టుండి ఆగిపోతుంది. బల్లమీద కూర్చున్నవాళ్ల గుండె జారిపోతుంది. పోయిందా, ఉందా? అడగడానికి ఎవరూ ఉండరు. గంట తర్వాత తలుపు తెరుచుకుని, ‘అడ్మిట్ చేయాలి’ అన్న రెండు మాటలు వినిపిస్తాయి.

నిజానికి ఆ అరుపు ఆగింది మత్తుమందు పనిచేసినందుకు. నొప్పితో పెనుగులాడే పిల్లికి మత్తు ఇవ్వకుండా మూత్రనాళంలో గొట్టం వేయడం కష్టం, నాళం చిరిగే ప్రమాదమూ ఉంది. మత్తు ఇచ్చాక సన్నని గొట్టంతో సెలైను ఎక్కించి అడ్డును వెనక్కి నెడతారు, మూత్రాశయాన్ని కడుగుతారు. గుండె లయ తప్పి ఉంటే కాల్షియం ఇంజెక్షను ఇస్తారు. గొట్టాన్ని సాధారణంగా ఒకటి రెండు రోజులు ఉంచుతారు. అడ్డు తొలగాక మూత్రం ఒక్కసారిగా ధారాళంగా పోయి ఒంట్లో నీరు తగ్గిపోతుంది కాబట్టి నరానికి ఎక్కించే సెలైను ఆపకూడదు. అడ్మిట్ చేయమన్నది అందుకే. ‘మత్తు ఇస్తున్నాం, అరుపు ఆగుతుంది, భయపడకండి’ అని తలుపు మూసేముందు చెప్పడానికి పది సెకన్లు పట్టదు. ఆ పది సెకన్లు దక్కని కుటుంబం వైద్యం బాగానే జరిగినా ఆ రాత్రిని మరిచిపోదు.

డబ్బు సంగతీ ఇంతే. మనిషికి ఆరోగ్యశ్రీ ఉంది, ఆఫీసు బీమా ఉంది. పిల్లికి అయ్యే ప్రతి రూపాయీ చాలా ఇళ్లలో జేబులోంచే తీయాలి. రక్తపరీక్ష, స్కానింగ్, మత్తు, గొట్టం, రోజువారీ అద్దె కలిపి ఎంతవుతుందో ఉజ్జాయింపుగా ముందే కాగితం మీద రాసిస్తే, పెట్టుకోగలమో లేదో ఆ ఇంటివాళ్లు ఆలోచించుకుంటారు. ఒక్కొక్కటిగా వచ్చే చీటీలు బాధలో ఉన్నవాళ్లకు మోసంలా తోస్తాయి.

అన్నిటికన్నా ఎక్కువ గొడవలు గొట్టం తీసిన తర్వాతే వస్తాయి. కొన్ని పిల్లులకు కొద్దిరోజుల్లోనే మళ్లీ బిగుస్తుంది. జబ్బు స్వభావమే అంత. మొదటి రాత్రే ఆ మాట చెప్పకపోతే, ‘ఇంత డబ్బు పోసినా నయం చేయలేదు’ అన్న కోపం డాక్టరు మీదికి మళ్లుతుంది. ఆ డాక్టరు తరచు ఒక్కరే ఉంటారు. పక్క గదిలో పార్వో వైరస్ సోకి రక్తవిరేచనాలతో కుక్కపిల్ల ఉంటుంది, దాన్నీ వదలడానికి వీల్లేదు. ఒక మనిషి రెండు చోట్ల ఉండలేకపోవడం అర్థమయ్యేదే. అందుకే ఆ కాంపౌండరు కుర్రాడికైనా బయటివాళ్లతో నాలుగు మాటలు చెప్పడం నేర్పాలి.

ఇంటివాళ్లు చెప్పాల్సినవీ ఉన్నాయి. చివరిసారి మూత్రం ఎప్పుడు పోసింది, ఎన్నిసార్లు వాంతి చేసుకుంది, ఏం పట్టించారు అన్నవి దాచకుండా చెప్పాలి. ఆముదం పట్టిస్తే పట్టించామనే చెప్పాలి. నొప్పి తగ్గుతుందని పారాసిటమాల్ వేసి ఉంటే అది మరీ ముఖ్యం. పిల్లి కాలేయానికి ఆ మందును సరిగా విరిచే శక్తి లేదు, చిన్న ముక్క కూడా ప్రాణం తీయగలదు.

గండుపిల్లి ఉన్న ఇంట్లో రాత్రి తెరిచి ఉండే క్లినిక్కు నంబరు ఒకటి ఫ్రిజ్ తలుపుకు అంటించి ఉంచాలి. ఇసుక తొట్టిని రోజూ పొద్దున్నే చూడాలి. తడిసి గడ్డకట్టిన ఇసుక కనిపించకపోయినా, పిల్లి తొట్టిలో కూర్చుని ఊరికే లేస్తున్నా, డాక్టరు దగ్గరికి వెళ్లాల్సింది ఆ పూటే.