రెఫరీ చూడని తప్పు

ఈ సంవత్సరము వర్షాకాలమున నొక సాయంత్రము మన వసతిగృహపు బాలురు కొందఱు వేపచెట్టు క్రింద గుంపుగూడి బిగ్గరగా వాదించుకొనుచుండిరి. కొట్లాటయేమోయని దగ్గరకు బోయితిని. వాదము నిజమే గాని, విషయము వారు పుట్టక మునుపటిది. 2006వ సంవత్సరము జూలై 9వ తేదీని జర్మనీలోని బెర్లిన్ నగరమున ఇటలీకిని ఫ్రాన్సుకును జరిగిన ప్రపంచకప్పు ఫుట్‌బాల్ తుదిపోటీలో జిదానుకు ఎఱ్ఱకార్డు చూపుట న్యాయమా, అన్యాయమా? సెలవులలో నెవరో ఆ దృశ్యమును సెల్‌ఫోనులో చూచి వచ్చిరట. నన్ను చూడగానే "మాస్టరుగారూ, తీర్పు మీరే చెప్పవలెను" అని చుట్టుకొనిరి.

ఆ యాటను నేను చూచితిని. అప్పుడు ట్రెయినింగు కాలేజీలో చదువుచుంటిని. ఆ దినము ఆదివారము. సాయంకాలపు ఆరాధన ముగిసిన పిమ్మట, మా వార్డెనుగారు దయతో సెలవియ్యగా, ఒక పాత టెలివిజను ముందు పలువురము ఒకరిమీద నొకరము కూర్చుంటిమి. మన దేశకాలమున ఆట రాత్రి 11-30 గంటలకు మొదలయ్యెను. ఆ పోటీలతో ఆట చాలింతునని జిదాను మునుపే చెప్పియుండెను; కావున మాలో ననేకులము ఫ్రాన్సు పక్షమే. 7వ నిమిషమున అతడు పెనాల్టీతో గోలు చేసెను. 19వ నిమిషమున ఇటలీవాడైన మాతెరాజీ తలతో కొట్టి సమము చేసెను. పిమ్మట ఎవ్వరికిని గోలు లేదు. అదనపు కాలము వచ్చెను.

110వ నిమిషమున బంతి మఱియొకచోట నుండెను. జిదానును మాతెరాజీయు ఏదో మాటలాడుకొనుచు నడచుచుండిరి. హఠాత్తుగా జిదాను వెనుకకు తిరిగి తలతో అతని ఱొమ్ముమీద పొడిచెను. అతడు నేలగూలెను. అర్జెంటీనా దేశస్థుడైన రెఫరీ ఎలిజోండో దీనిని చూడలేదు. ఆయన కన్నులు బంతివైపున నున్నవి. పడియున్న మనుష్యుని చూచి ఆట నాపి, తన సహాయకుల నడిగెను. వారును చూడలేదు. అప్పుడు నాలుగవ అధికారియైన స్పెయిను దేశపు మెదీనా కాంతలేహో చెవియంత్రము ద్వారా జరిగినది తెలిపెను. ఎఱ్ఱకార్డు పైకి లేచెను. జిదాను తల వంచుకొని, పీఠముపై నున్న బంగారు కప్పు ప్రక్కగానే లోపలికి వెడలిపోయెను. పెనాల్టీలలో ఇటలీ 5-3తో గెలిచెను.

మా గదిలో తెల్లవారువఱకు నిద్ర లేదు. ఫ్రాన్సు శిక్షకుడు దొమెనెక్, నాలుగవ అధికారి ఆ దెబ్బను తెరమీద చూచి చెప్పెనని ఆక్షేపించెను. నాటి నిబంధనలలో తెరను చూచి తీర్పు చెప్పుటకు వీలులేదు. స్వయముగా కంటితోనే చూచెనని ఫీఫావారు ప్రత్యుత్తరమిచ్చిరి. నేను దొమెనెక్ పక్షము వహించితిని. చూడని న్యాయాధిపతి శిక్షింపరాదని వాదించితిని. మాలో నొకడు మోషే ధర్మశాస్త్రమును దెచ్చి, ఇద్దఱు ముగ్గురు సాక్షులుండవలెను గదా, ఇచ్చట నొక్కడే యనెను. ఎన్నడును నోరు మెదపని మఱియొకడు మాత్రము, "ఇంతకును అతడు పొడిచెనా, లేదా?" అని యడిగెను. "అది వేఱు ప్రశ్న" అంటిని. ఆ జవాబునకు నాకప్పుడు మిక్కిలి గర్వముగా నుండెను.

ఈ కార్డుల పద్ధతికి కారకుడైన ఆస్టన్ కూడ మనవలె బడిపంతులే. 1966లో లండనులో ఇంగ్లండు, అర్జెంటీనా ఆడినప్పుడు జర్మను రెఫరీ అర్జెంటీనా నాయకుడగు రతీనును బయటకు పొమ్మనెను. ఒకరి భాష యొకరికి రాదు. అతడు చాలసేపు కదలలేదు. ఆస్టన్ ఇంటికి పోవుచు వీథి కూడలియందలి పసుపు, ఎఱుపు దీపములను చూచి ఈ యుపాయము కనుగొనెను. 1970లో మెక్సికో పోటీలలో కార్డులు వాడుకలోనికి వచ్చెను.

నేనును ఒక అట్టముక్కకు ఎఱ్ఱకాగితము అంటించి జేబులో నుంచుకొంటిని. ఉద్యోగములో చేరిన రెండవ యేట, వేఱొక యూరి పాఠశాలలో, తొమ్మిదవ తరగతికిని పదవ తరగతికిని జరిగిన ఆటకు నేనే రెఫరీని. నా వెనుక కేక వినబడెను. తిరిగి చూచునప్పటికి పదవ తరగతి పిల్లవాడొకడు కాలు పట్టుకొని దొర్లుచుండెను. ఎన్నడును అబద్ధమాడని తరగతి నాయకుడు, "సార్, వీడే తన్నెను" అని తొమ్మిదవ తరగతివాని నొకని చూపెను. అట్టముక్క తీసితిని. వాడేదో చెప్పబోయెను. "నోరు మూసికొని పో" అంటిని. వాడు బావిగట్టున పోయి కూర్చుండెను.

మూడు దినములైన పిమ్మట దెబ్బ తగిలినవాడే నాయొద్దకు వచ్చి, తన్ను ఎవరును తన్నలేదనియు, పాదము గుంటలో పడి మెలి తిరిగెననియు చెప్పెను. నాయకుడు అబద్ధమాడలేదు; వాడు నిలిచినచోటినుండి అట్లే కనబడినది. నేను తరగతిలో అందఱియెదుట తప్పు ఒప్పుకొంటిని. వాడు "పరవాలేదు సార్" అనెను. పిమ్మట ఎన్నడును ఆటకు రాలేదు. రెండు పర్యాయములు పిలిచితిని. కాలు నొప్పియని చెప్పెను.

వేపచెట్టు క్రింద బాలురకు ఇదంతయు చెప్పి, ఎలిజోండో చేసినది సరియే యంటిని. ఆయన కార్డు తీయుటకు ముందు ఆట నాపి ఒకరి తరువాత నొకరిని అడిగెను. నేను ఎదుటనే పడియున్న పిల్లవానినైన అడుగలేదు. తెరను చూచిరా లేదా యను తగవు నేడు పుట్టదు. 2018లో వీడియో సహాయము నిబంధనలలోనికి వచ్చెను, ఆ యేటి రష్యా ప్రపంచకప్పులోనే వాడిరి. దొమెనెక్ ఆక్షేపణ నిబంధనను గూర్చినదే గాని, దెబ్బను గూర్చినది కాదు. ఇది గ్రహించుటకు నాకు ఆ బావిగట్టు కావలసివచ్చెను.

ఇంతలో వారిలో చిన్నవాడు, "జిదాను నెవరైన అడిగిరా సార్? ఏమనగా కొట్టెనో?" అనెను.

అడిగిరి, కాని ఆట ముగిసిన తరువాత. ఫీఫావారు ఆ నెలలోనే ఇరువురి మాటలును వినిరి. జిదానుకు మూడు ఆటల నిషేధము, కవ్వించిన మాటలకుగాను మాతెరాజీకి రెండు. జిదాను అప్పటికే ఆట మానినందున, నిషేధమునకు బదులు మూడు దినములు పిల్లలతో సేవకార్యమున గడుపుటకు సమ్మతించెను.

"మాటకు రెండు ఆటలేనా?" అని యొకడు. "మాటకు రెండెందుకు?" అని మఱియొకడు. మరల రెండు పక్షములయ్యెను. ప్రార్థన గంట మ్రోగినది. వాదించుకొనుచునే మెట్లెక్కిరి.