రాతి తొట్టి ముందు అత్తయ్యగారు

శ్రీలంక అనగానే మనకి రావణాసురుడు, అశోకవనం గుర్తొస్తాయి. పోయిన ఫిబ్రవరిలో మేం వెళ్లినప్పుడు మావారు వేసిన ప్లానులో కూడా నువార ఎలియా దగ్గరి సీతమ్మ గుడే మొదట ఉంది. అనూరాధపురం పేరు చేర్చింది మాత్రం మా అత్తయ్యగారు. చిన్నప్పుడు బడిపంతులైన వాళ్ల నాన్నగారు సంఘమిత్ర కథ చెప్పేవారట. ఆ రావిచెట్టు ఒక్కసారి చూడాలన్నారు.

ఆవిడకి డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్ల నొప్పులు. నిజం చెప్పొద్దూ, ఆవిణ్ణి తీసుకెళ్లడం నాకు పెద్దగా ఇష్టం లేకపోయింది. ఇన్నేళ్లకి విదేశం చూడబోతుంటే అక్కడ కూడా మాత్రలూ, వేణ్ణీళ్లూ చూసుకుంటూ కూర్చోవాలా అనుకున్నాను. పైకి అనలేదు గానీ మొహంలో కనబడే ఉంటుంది.

కొలంబో నుంచి ఉత్తరంగా రెండు వందల కిలోమీటర్లు. ముందురోజు రాత్రికే చేరి, పొద్దున్నే ఆరు గంటలకి బయలుదేరాం. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దం నుంచి దాదాపు 1,400 ఏళ్లు సింహళ రాజులకి రాజధాని ఈ ఊరు. 1982లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది.

ఆడవాళ్లు అడిగితే వచ్చిన చెట్టు

శ్రీ మహాబోధి దగ్గర చెప్పులు బయటే విడిచిపెట్టాలి. తెల్లబట్టలు కట్టుకున్న జనం చేతుల్లో తామరపూలతో నెమ్మదిగా నడుస్తున్నారు. తోపులాట లేదు, కేకలు లేవు. ఎత్తయిన అరుగు మీద, బంగారు పూత పూసిన కటకటాల వెనక ఉంది చెట్టు. వాలిన కొమ్మలకి ఊతకర్రలు పెట్టారు. ముట్టుకోనివ్వరు, దూరం నుంచే దణ్ణం.

బుద్ధుడికి జ్ఞానోదయమైన గయలోని చెట్టు కొమ్మని అశోకుడి కూతురు సంఘమిత్ర తెచ్చింది. క్రీ.పూ. 288లో నాటారని వాళ్ల లెక్క. మనిషి నాటిన చెట్లలో, నాటిన కాలం తెలిసినవాటిలో ఇంత పాతది మరొకటి లేదంటారు. అయితే ఆవిడ ఊరికే రాలేదు. ఇక్కడి రాజకుటుంబంలోని అనుల, ఆమె చెలికత్తెలు సన్యాసం తీసుకుంటామన్నారు. ఆడవాళ్లకి దీక్ష ఇవ్వడానికి భిక్షువులకి అధికారం లేదు. అందుకని సంఘమిత్రకి కబురు వెళ్లింది. అంటే ఆడవాళ్లు అడిగారు గనకే ఆ కొమ్మ సముద్రం దాటిందన్నమాట!

అత్తయ్యగారు కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు. నేను వాచీ చూసుకున్నాను.

ఇటుకల కొండలు

అక్కణ్ణుంచి నడిచే దూరంలోనే రువన్‌వెలిసాయ స్తూపం. పాలమీగడలా తెల్లగా, చుట్టూ ప్రహరీకి ఏనుగుల వరస. క్రీ.పూ. 2వ శతాబ్దంలో దుట్టగామణి రాజు మొదలుపెట్టాడు. పూర్తికాకుండానే ఆయన మంచాన పడితే, తమ్ముడు స్తూపమంతా తెల్లబట్ట కప్పించి, అయిపోయినట్టే చూపించాడని కథ. వింటుంటే మనసు అదోలా అయింది.

జేతవనం మరీ పెద్దది. 3వ శతాబ్దం చివర మహాసేన రాజు మొదలుపెట్టినది. ఆ రోజుల్లో 122 మీటర్లు ఉండేదట. ఈజిప్టులోని రెండు పెద్ద పిరమిడ్ల తర్వాత అంత ఎత్తయినది అదే. తొమ్మిది కోట్లకి పైగా ఇటుకలు! ఇప్పుడు 71 మీటర్లే మిగిలింది.

గడప ముందు రాతి ముగ్గు

మధ్యాహ్నం అభయగిరి వైపు వెళ్లాం. ఒక పాత కట్టడం మెట్ల ముందు అర్ధచంద్రాకారపు రాయి ఉంది. చంద్రశిల అంటారు. అంచున అగ్నిజ్వాలలు, లోపలి వరసలో ఏనుగు, గుర్రం, సింహం, ఎద్దు, ఆ తర్వాత తీగ, హంసలు, నడుమ తామర. మన గడప ముందు ముగ్గులాగే ఉంది, కాకపోతే చెరిగిపోనిది.

పక్కనే కుట్టం పొకున అనే జంట కోనేళ్లు. నీళ్లు నేరుగా అందులో పడవు. ముందు చిన్న తొట్టిలో ఆగి, మట్టి అడుక్కి చేరాక, తేటనీరు మాత్రమే లోపలికి వెళుతుంది. మనం బిందెలో నీళ్లు తేర్చుకోమూ, అదే పద్ధతి!

ఆ తర్వాత చూశాం భిక్షువుల భోజనశాల. మిగిలింది పునాదులూ, పొడుగాటి రాతి తొట్టీ.

"ఇదేమిటే అమ్మాయీ, కుడితి తొట్టిలా ఉంది?" అన్నారు అత్తయ్యగారు.

"అన్నం తొట్టి అత్తయ్యా. వండిన అన్నం ఇందులో నింపితే భిక్షువులు వరసగా వచ్చి పట్టుకెళ్లేవారట. 5వ శతాబ్దంలో వచ్చిన చైనా యాత్రికుడు ఫాహియాన్ ఈ అభయగిరిలో 5,000 మంది ఉన్నారని రాశాడు."

ఆవిడ చెట్టు నీడన కూర్చుని ఆ తొట్టినే చూస్తూండిపోయారు. "ఇంత అన్నం వార్చినవాళ్ల పేర్లు ఎక్కడన్నా చెక్కారా?"

"వంటవాళ్ల పేర్లు ఎవరు చెక్కుతారమ్మా!" అని మావారు నవ్వారు. ఆవిడ నవ్వలేదు.

"మీ మామగారి అన్నదమ్ములంతా కలిసున్న రోజుల్లో పూటకి పద్దెనిమిది విస్తళ్లు లేచేవే. నా పెళ్లయిన కొత్తలో అందరూ లారీ మాట్లాడుకుని నాగార్జునసాగర్ చూడ్డానికి వెళ్లారు. పొయ్యి దగ్గర ఎవరుంటారని నన్ను ఉంచేశారు. మొదటిసారి ఊరు చూడ్డమంటే ఇదే." ఫిర్యాదులా కాదు, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అన్నారు.

పొద్దుట వాచీ చూసుకున్నది గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. ముప్పై ఏళ్లుగా ఆవిడ వండింది తిన్నాను, ఆవిడకి వండిపెట్టాను. ఏం చూడాలని ఉందని మాత్రం ఏనాడూ అడగలేదు.

అప్పుడు మా అమ్మాయి డిగ్రీ పుస్తకంలో చదివిన సంగతి చెప్పాను. ఆ నాగార్జునకొండలోనే 3వ శతాబ్దంలో బోధిసిరి అనే గృహిణి ఉండేది. సింహళం నుంచి వచ్చే భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి మందిరం కూడా కట్టించింది. ఆవిడ పేరుతో శాసనం ఉంది.

"అయితే ఒకావిడ పేరు చెక్కారన్నమాట" అని అత్తయ్యగారు లేచి నా చెయ్యి పట్టుకున్నారు. ఆ సాయంత్రం ఆవిడ అడుగులో అడుగు వేస్తూ తిస్సవాపి చెరువు గట్టు మీద నడిచాను. చీకటి పడేదాకా తొందరపెట్టలేదు. ఈ దసరాకి లాంచీలో నాగార్జునకొండకి ప్రయాణం. ప్లాను అత్తయ్యగారిది.

వెళ్లేవారికి

* భుజాలు, మోకాళ్లు కప్పే లేతరంగు బట్టలు కట్టుకోండి. టోపీ తీసెయ్యాలి. బుద్ధ విగ్రహానికి వీపు పెట్టి ఫొటో దిగకూడదు.
* మధ్యాహ్నం రాళ్లు కాలిపోతాయి. పెద్దవాళ్లకి సాక్సులు పట్టుకెళ్లండి. గుళ్లు పొద్దుటే చూసెయ్యండి.
* శిథిలాలు కిలోమీటర్ల పొడవునా ఉన్నాయి. రోజంతటికీ ఆటో మాట్లాడుకోవడం మేలు.
* కొబ్బరిపాలతో ఉడికించి, బర్ఫీలా ముక్కలు కోసే కిరిబత్ శాకాహారులకి హాయి. పక్కన పెట్టే కారంలోనూ, కొబ్బరి సంబోల్‌లోనూ ఎండుచేప పొడి కలుపుతారు, ముందే అడగండి.