పెరట్లో యాభై టన్నుల నీళ్ళు

అమెరికాలో ఈత కొలను కూడా అట్టపెట్టెల్లో వస్తుంది. చాపచుట్టలా చుట్టిన ఉక్కు గోడ, దాన్ని నిలబెట్టే స్తంభాలు, లోపల పరిచే వినైల్ షీటు, పంపు, ఫిల్టరు, నిచ్చెన, సంచీ నిండా బోల్టులు. వాటితోపాటు ఒక పుస్తకం. ఇద్దరు మనుషులు రెండు రోజుల్లో బిగించేసుకోవచ్చని అందులో రాసి ఉంది. మాకు తొమ్మిది రోజులు పట్టింది. అంతకుముందు ఇంట్లో సాగిన వాదన కూడా కలిపితే రెండేళ్ళు.

మేముండేది డాలస్‌కు ఉత్తరాన ఒక శివారు పట్టణంలో. 2020లో కొవిడ్ అందర్నీ ఇళ్ళలో కూర్చోబెట్టినప్పుడు ఇరుగుపొరుగంతా పెరట్లో కొలనుల మీద పడ్డారు. అదే ఏడాది ఆగస్టులో లారా తుపాను తర్వాత లూయిసియానాలో క్లోరిన్ బిళ్ళలు తయారుచేసే ఫ్యాక్టరీ తగలబడటంతో మరుసటి వేసవిలో బిళ్ళలకు కటకట వచ్చింది. ఆ హడావిడి సద్దుమణిగాక, 2023 మేలో మేం పని మొదలుపెట్టాం. నేల తవ్వి కాంక్రీటుతో కట్టడానికి కాంట్రాక్టరు చెప్పిన ధర 70 వేల డాలర్లు. నేల మీద నిలిపే 24 అడుగుల గుండ్రటి కిట్టుకైతే పంపుతో కలిపి 4 వేల లోపే. మా వారికి ఈ లెక్క నచ్చింది. నాకు కావలసింది వేరు.

మా ఊరు ప్రకాశం జిల్లాలో. నా చిన్నప్పుడు పొలానికో దిగుడు బావి. మగపిల్లలు నడుముకు ఎండు సొరబుర్రలు కట్టుకుని అందులో దూకి ఈత నేర్చుకునేవారు. ఆడపిల్లలకు బావి అంటే బిందెతో వెళ్ళి బిందెతో తిరిగి రావడమే. మా ఇంట్లో మగపిల్లలకు కూడా ఈత లేదు. మా బాబాయి పద్నాలుగో ఏట బావిలో మునిగి చనిపోయాడు. నేను పుట్టకముందు మాట. గజ ఈతగాడని పేరున్న నాన్న ఆ తర్వాత మళ్ళీ నీళ్ళలో దిగలేదు. మా అన్నయ్యకు నేర్పలేదు, నాకూ నేర్పలేదు. పొలం పంచుకున్నట్టే ఆ భయాన్నీ మేం పంచుకున్నాం.

ఆరేళ్ళ మా అమ్మాయి ఒక పుట్టినరోజు పార్టీలో బూట్లు కూడా విప్పకుండా, కొలను పక్కన కమ్మీ పట్టుకుని రెండు గంటలు నిలబడటం చూశాక ఆ వాటా ఇక దాని దాకా పోకూడదనుకున్నాను. ‘‘నీళ్ళతో చెలగాటం వద్దే తల్లీ’’ అని అమ్మ ఫోన్లో ఎన్నిసార్లు చెప్పిందో.

అమ్మ భయం వట్టిది కాదు. అమెరికాలో 1 నుంచి 4 ఏళ్ళ పిల్లల ప్రాణాలు తీసే కారణాల్లో నీట మునగడానిదే మొదటి స్థానం. ఆ పసివాళ్ళలో ఎక్కువమంది మునిగేది ఇళ్ళలోని కొలనుల్లోనే. మన దేశంలో ప్రమాదవశాత్తు నీట మునిగి చనిపోయేవారు ఏటా 30 వేలకు పైమాటే. చదువుకోవడానికి అమెరికా వచ్చి, సెలవు రోజున చెరువుకో జలపాతానికో వెళ్ళి శవాలై తిరిగి వెళ్ళిన తెలుగు పిల్లల వార్తలు చదవని ఏడాది లేదు. నీళ్ళకు దూరంగా పెంచితే పిల్లలు క్షేమంగా ఉంటారన్న నమ్మకం, ఇల్లు దాటి బయటి ప్రపంచంలో అడుగుపెట్టే వరకే పనిచేస్తుంది.

కిట్టు వచ్చిన వారానికే అమ్మానాన్నలు కూడా ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. పెట్టెలు చూసి అమ్మ మాట్లాడటం మానేసింది. నాన్న మాత్రం నేరుగా పెరట్లోకి వెళ్ళి, పిడికెడు మట్టి తీసి నలిపి చూశారు. ‘‘ఇది మన రేగడే’’ అన్నారు. నిజంగానే డాలస్ చుట్టుపక్కలది నల్లరేగడి. ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే ఉబ్బుతుంది. అది ముడుచుకుపోయి గోడలు పగలకుండా ఇక్కడివాళ్ళు వేసవిలో ఇంటి పునాదుల చుట్టూ నీళ్ళు పెడతారు. ఆ సంగతి చెబితే నాన్న పడీపడీ నవ్వారు. ‘‘చేలకు నీళ్ళు పెట్టాను గానీ ఇంటికి పెట్టడం ఇప్పుడే వింటున్నా.’’

తవ్వేముందు 811కు ఫోన్ చేశాం. గ్యాసు గొట్టాలు, కరెంటు తీగలు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్ళారు. ఆ తర్వాత అసలు పని నేల చదును చేయడం. 24 అడుగుల మేరలో అంగుళానికి మించి తేడా రాకూడదు. మా వారు లేజర్ పరికరం అద్దెకు తెచ్చారు. నాన్న పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ గొట్టంలో నీళ్ళు నింపి, మన తాపీ మేస్త్రీల పద్ధతిలో రెండు చివర్లూ పట్టి చూశారు. రెండూ ఒకే మాట చెప్పాయి: ఒక వైపు ఆరంగుళాలు ఎత్తు. ఇలాంటప్పుడు ఎత్తు చెక్కాలే తప్ప పల్లం పూడ్చకూడదు. పూడ్చిన మట్టి నీటి బరువుకు కుంగుతుంది, కొలను అటు ఒరుగుతుంది. నాలుగు రోజులు పలుగూ పారా పట్టుకుని చెక్కడంతోనే సరిపోయింది.

స్తంభాల కింద సిమెంటు పలకలు పాతి, మధ్యలో రెండంగుళాల మందాన ఇసుక పరిచాం. గోడ నిలబెట్టడానికి గాలి లేని ఉదయం కోసం రెండు రోజులు ఆగాం. 75 అడుగుల పొడవున్న ఆ పల్చటి రేకుకు గాలి తగిలితే పట్టుకోవడం నలుగురి వల్ల కూడా కాదు. రెండు అంచులూ కలిసేచోట బోల్టులన్నీ బిగించాలి, ఒక్కటీ వదలకూడదు. వినైల్ షీటును ఎండలో ఆరబెడితేనే మెత్తబడి ముడతలు పోతాయి. పంపు, గోడ, స్తంభాలు అన్నిటినీ రాగి తీగతో కలిపి కట్టడం, షాక్ కొట్టబోతే క్షణంలో కరెంటు ఆపే బ్రేకరు పెట్టడం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌కు అప్పగించాం. డబ్బు ఆదా చేసుకోకూడని చోటు అదొక్కటే.

నీళ్ళు నిండటానికి ఒక పగలూ ఒక రాత్రీ పట్టింది. నాలుగడుగుల లోతుకు 51 వేల లీటర్లు, అంటే 51 టన్నులు. జలజీవన్ మిషన్ కింద మన పల్లెల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది లక్ష్యం. ఆ లెక్కన ఇవి ఒక మనిషికి రెండున్నరేళ్ళ నీళ్ళు. వేసవిలో ట్యాంకరు కోసం బిందెలు వరసపెట్టిన ఊరి మనిషిని, ఆ లెక్క వేయకుండా ఉండలేకపోయాను. అందుకే ఏటా పారబోయకుండా అవే నీళ్ళు శుభ్రం చేసి వాడుకుంటున్నాం, వాడనప్పుడు ఆవిరైపోకుండా కవరు కప్పుతున్నాం. క్లోరిన్ రెండు మూడు పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య. ఈ రెండూ చూడటం ఇప్పుడు పాలు కాచినంత అలవాటైన పని. క్లోరిన్‌నూ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపకూడదు, పక్కపక్కన కూడా పెట్టకూడదు. కలిస్తే విషవాయువు.

నీళ్ళు నిండకముందే చుట్టూ కంచె వేశాం. కనీసం నాలుగడుగుల ఎత్తుండాలి, గేటు దానంతటదే మూసుకుని గడియ పడాలి. వాడనప్పుడు నిచ్చెన తీసేయాలి. గేటు బిగించిన సాయంత్రం నాన్న దాన్ని పదిసార్లు తెరిచి వదిలి చూశారు. అప్పుడు చెప్పారు, నలభై రెండేళ్ళ వయసులో నేను మొదటిసారి విన్న సంగతి. ‘‘ఆ రోజు గట్టు మీద నలుగురం ఉన్నాం. వాడు అరిస్తే ఏ ఒక్కడైనా దూకేవాడు. అరవలేదు. వాణ్ణి పక్కవాడు చూస్తున్నాడని ప్రతివాడూ అనుకున్నాడు.’’

మునిగేవాళ్ళు సినిమాల్లోలా చేతులూపి కేకలు వేయరు. నోరు నీటి మట్టానికి వచ్చాక ఊపిరికే తీరిక ఉండదు, అరుపుకెక్కడిది? అక్కడ పదిమంది ఉన్నా చూడటం ఒకరి పని కాకపోతే అది ఎవరి పనీ కాదు.

నాన్న నీళ్ళలో దిగలేదు. గట్టు పక్కన కుర్చీ వేసుకుని, ఆ పని తాను తీసుకున్నారు. మా అమ్మాయి పట్టణంలోని రిక్రియేషన్ సెంటర్లో ఈత పాఠాలు నేర్చుకుని వచ్చి ఇక్కడ సాధన చేసేది. దాని పక్కనే నేను, నా వయసులో సగం లేని టీచరు నేర్పినట్టు, చెవులు నీట ముంచి వెల్లకిలా తేలడం సాధన చేసేదాన్ని. మొదటి నెల కిటికీలోంచి కూడా చూడని అమ్మ, రెండో నెలలో తువ్వాళ్ళు పట్టుకుని కంచె దాకా వచ్చేది.

వాళ్ళు ఊరికి వెళ్ళిపోయినా కుర్చీ అక్కడే ఉంది. పిల్లలు నీళ్ళలో ఉంటే అందులో పెద్దవాళ్ళొకరు కూర్చోవాలి. చేతిలో ఫోను ఉండకూడదు, పుస్తకం ఉండకూడదు, కబుర్లు అసలే వద్దు. పావుగంటకోసారి మనిషి మారాలి. వచ్చిన అతిథులు నవ్వినా సరే, ఈ నియమం సడలించం.

ఇప్పుడు నాన్న ఫోన్ చేస్తే మనవరాలి చదువు గురించి తర్వాత. మొదటి ప్రశ్న, ‘‘గేటు పడిందా?’’