చైత్రం కబుర్లు: పల్లేరు కాయ, పంచర్ జెల్

ఖమ్మం మిర్చి యార్డు దాటాలంటే ఇప్పుడు ముక్కుకు కండువా అడ్డం పెట్టుకోవాల్సిందే. తేజ కాయ బస్తాలు గుట్టలుగా దిగుతున్నాయి. హమాలీలు తుమ్ముతూనే మోస్తున్నారు. సత్తుపల్లి, దమ్మపేట తోటల్లో మామిడి టెంక కట్టింది. అడవి అంచు ఊళ్ళలో ఆడవాళ్ళు చీకటి ఉండగానే గంపలు పట్టుకుని ఇప్పచెట్ల కిందికి చేరుతున్నారు. ఇప్పపువ్వు రాత్రి రాలుతుంది, పశువులు మేయకముందే ఏరుకోవాలి. ఇంకొన్నాళ్ళు పోతే తునికాకు. యాభై ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టి కల్లానికి తీసుకుపోవడం, అక్కడ ఎండకు పరవడం, ఈ ప్రాంతపు గూడేలకు ఎండాకాలం చేతికొచ్చే డబ్బు అదే.

భద్రాచలంలో నవమి సందడి మొదలైంది. గోటితో ఒలిచిన తలంబ్రాలు ఊళ్ళ నుంచి వస్తున్నాయి, కోరుకొండ వాళ్ళు ఏటా తెచ్చినట్టే. గోదావరి మాత్రం సన్నబడి ఇసుక తేలింది. 2022 జూలైలో ఇదే రేవులో నీళ్ళు 71 అడుగులు దాటాయంటే, ఈ పాయను చూసినవాళ్ళకు నమ్మబుద్ధి కాదు.

ఇన్ని పనులూ ఇవాళ రెండు చక్రాల మీదే నడుస్తున్నాయి. మిర్చి కూలీలు ఎక్సెల్ బండి మీద ఇద్దరిద్దరు. చర్ల వైపు గూడేలకు టీకాల డబ్బా పట్టుకుని వెళ్ళే ఏఎన్‌ఎమ్మలు, బడికి పోయే పంతుళ్ళు, తునికాకు కల్లం చూసుకునే కల్లేదార్లు అందరూ బండి మీదే. ఖమ్మం నుంచి భద్రాచలం 120 కిలోమీటర్లు. ఏన్కూరు, జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచల దాకా అడుగడుగునా పంచర్ షాపు దొరుకుతుంది. వంతెన దాటి దుమ్ముగూడెం వైపు తిరిగాకనే కష్టం.

నిరుడు పట్టాభిషేకం చూసుకుని, మరునాడు మా అమ్మను వెనక కూర్చోబెట్టుకుని పర్ణశాల వెళ్ళాను. తిరుగుదారిలో పొద్దుగూకేవేళ వెనక టైరు కూర్చుంది. తుమ్మముల్లు. కళ్ళాల చుట్టూ కొట్టి వేసిన కంప బండ్ల మీద తరలిస్తుంటే రోడ్డంతా ముళ్ళు రాలతాయి. అమ్మ మోకాళ్ళ నొప్పితో నడుస్తుంటే నేను బండి నెట్టుకుంటూ వచ్చాను. ఒక ఊళ్ళో అరుగు మీద కూర్చున్న పెద్దాయన లేచి, "కూసో తల్లీ" అని అమ్మకు మంచం వాల్చి, మనవణ్ణి పంచరు వేసే పిల్లగాడి ఇంటికి పంపాడు. ఆ పిల్లవాడు దీపం వెలుగులో ట్యూబు తీసి, నీళ్ళ తొట్లో ముంచి బుడగ చూసి, గీకి, సొల్యూషన్ రాసి ప్యాచ్ వేశాడు. "ఈ దారి తిరిగేటోళ్ళు జెల్ పోయించుకుంటే మంచిది సార్, ముల్లుకి పనిచేస్తది" అన్నాడు. తన గిరాకీ పోయే మాట తనే చెప్పాడు.

అప్పటి నుంచి దాని గురించి అడిగి, చదివి, పోయించుకుని చూశాను. టైర్లో పోసే ఆ చిక్కటి ద్రవంలో ఎక్కువగా ఉండేది గ్లైకాల్, దాంట్లో కలిపిన సన్నటి పీచు, కొన్నింట్లో రబ్బరు పొడి. చక్రం తిరిగేకొద్దీ అది టైరు లోపలి గోడకు, నేలకు ఆనే పట్టీ వెంట, పూతలా పరుచుకుంటుంది. ముల్లు దిగి గాలి బయటికి తోసుకుంటే ఆ గాలే ద్రవాన్ని చిల్లులోకి లాక్కెళుతుంది. పీచు అక్కడ చిక్కుకుని బెజ్జం పూడుతుంది. పాత యాక్టివా బండ్లకు వచ్చిన టఫ్ అప్ ట్యూబు సంగతి గుర్తుందా? రెండు పొరల మధ్య ఇలాంటి ద్రవమే ఉండేది.

ఇక్కడ పల్లేరు కాయ కబురు చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. చేల గట్ల మీద పసుపు పువ్వుతో నేలకు పాకే మొక్క, వైద్యంలో గోక్షురం అంటారు. దాని కాయ ఎండితే ఐదు ముక్కలవుతుంది, ఒక్కో దానికి గట్టి ముళ్ళు. ఎలా పడేసినా ఒక ముల్లు పైకే చూస్తుంది. ఈ మొక్క అమెరికాకూ చేరింది. అక్కడ సైకిళ్ళ వాళ్ళు దాన్ని మేకతల అని తిట్టుకుంటారు. సైకిల్ ట్యూబుల్లో ఈ జెల్ పోసుకునే అలవాటు అక్కడ అంతగా పాకడానికి ఈ ముల్లే ఒక కారణం. మన పల్లేరు ముల్లుకీ తుమ్మముల్లుకీ పడే బెజ్జం సన్నది, తిన్ననిది. జెల్ పూడ్చగలిగింది సరిగ్గా అలాంటి బెజ్జాన్నే.

ఖమ్మంలో రోడ్డు పక్కన గుడారం వేసి, టైరుకు మేకులు కొట్టి పీకి చూపించి జెల్ అమ్ముతుంటారు. ఆ ప్రదర్శన అబద్ధం కాదు. కానీ అక్కడ ఉన్నది ట్యూబ్‌లెస్ టైరు, దాని మందం వేరు. తీగల చక్రంలో ఉండే ట్యూబు పల్చన. మేకు దిగాక గమనించక నాలుగు గజాలు నడిపినా అది చీరుకుపోతుంది. తీగ మొన గుచ్చుకుని లోపలి వైపు పడే చిల్లును జెల్ అందుకోలేదు, ఎందుకంటే ద్రవం బయటి అంచుకు విసిరేయబడుతుంది. గాలి తక్కువ పెట్టుకుని రాళ్ళ మీద దూకిస్తే ట్యూబు నొక్కుకుని పడే జంట చీలిక కూడా అంతే. టైరు పక్కగోడ కోసుకుపోతే ఏ జెల్ వల్లా కాదు. ఆ టైరు తీసేయాల్సిందే.

పోయించేటప్పుడు వాల్వు చక్రం అడుగున లేకుండా పక్కకు తిప్పి పెట్టమనండి, లేకపోతే ద్రవం వాల్వులో నిలిచి గాలి చూసే మీటరును పాడుచేస్తుంది. సీసా మీద బండి సైజుకు చెప్పిన కొలత మించకూడదు, ఎక్కువైతే చక్రం బరువు ఒక పక్కకు లాగి హ్యాండిల్ వణుకుతుంది. పోసి గాలి కొట్టిన వెంటనే రెండు మూడు కిలోమీటర్లు నడపాలి. అది ఎన్నాళ్ళు ఉంటుందో సీసా మీద చూడండి. స్లైమ్ అనే అమెరికా కంపెనీ రెండేళ్ళంటుంది. మన ఎండలకు అంతకంటే ముందే చూపించుకోవడం మంచిదని నా అభిప్రాయం. ఎండి ముద్దకట్టిన జెల్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

ముల్లు పూడిపోయింది కదా అని మర్చిపోవద్దు. బండి ఇంటికి చేరాక టైరు తిప్పి చూసి, దిగిన ముల్లు పీకి, గాలి తగ్గుతోందేమో రెండు రోజులు చూడాలి. అడవి మధ్య నుంచి వెలుతురున్న ఊరిదాకా తెచ్చేందుకే జెల్. దాన్ని ప్యాచ్ అనుకుంటే మోసపోతాం. పట్నంలోనే తిరిగేవాళ్ళకు దీని అవసరం తక్కువ, డబ్బు దండగ అనే అంటాను. చర్ల, దుమ్ముగూడెం, చింతూరు దారులు పట్టేవాళ్ళు మాత్రం పోయించుకోండి. సంచిలో చిన్న పంపు కూడా పెట్టుకోండి.

నవమికి బండి మీద వచ్చేవాళ్ళకు ఇంకొక్క మాట. జెల్ పోసిన టైరును పంచర్ షాపులో విప్పితే అంతా జిగటే. కడిగి ఆరబెట్టకపోతే ప్యాచ్ అతకదు, ఆ కుర్రాడి పని రెట్టింపవుతుంది. విప్పకముందే చెప్పండి, శుభ్రం చేసినందుకు పది రూపాయలు ఎక్కువ ఇవ్వండి.