మనసు ముందు నడిస్తే

సముద్రపు ఒడ్డున వానరులంతా కూలబడి ఉన్నారు. ఎదుట నూరు యోజనాల నీరు. ఎవరెంత దూరం దూకగలరని అంగదుడు అడిగితే ఒక్కొక్కరే తమ సత్తువ చెప్పుకుంటారు. గజుడు పది యోజనాలంటాడు, గవాక్షుడు ఇరవై అంటాడు. లెక్క అలా పెరుగుతూ పోయి ముసలి జాంబవంతుడి దగ్గర తొంభైకి చేరుతుంది. చివరికి అంగదుడు నోరు విప్పుతాడు. నూరూ దూకగలడట, తిరిగి రాగలడో లేదో మాత్రం చెప్పలేడట.

వాల్మీకి రామాయణంలో కిష్కింధకాండ చివర వచ్చే ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు మనుషుల అలసటే గుర్తొస్తుంది. అంగదుడు ఇంకా ఒడ్డు విడవలేదు. ఒక్క కండరం కదపలేదు. అయినా తిరుగు ప్రయాణపు బరువు అప్పుడే అతని కాళ్ల మీద పడింది. హనుమంతుడి సంగతి వేరు. అతని బలం ఎంతటిదో జాంబవంతుడు గుర్తు చేశాక, దూకబోయే దూకును అతను ముందే వర్ణిస్తాడు. తన వేగానికి చెట్ల పూలు రాలి ఆకాశంలో ఎలా వెంటబడతాయో, మబ్బులను తానెలా చెదరగొడతాడో తోటివాళ్లకు కళ్లకు కట్టినట్టు చెబుతాడు. సుందరకాండ మొదలవగానే ఆ పూలు నిజంగానే అతని వెంట ఎగురుతాయి. ఈ రెండింటికీ నడుమ, కిష్కింధకాండ చిట్టచివరి శ్లోకంలో, హనుమంతుడు మనసు కుదుర్చుకుని ముందు మనసుతోనే లంకకు వెళ్లాడంటాడు వాల్మీకి. దేహం అప్పటికింకా మహేంద్రగిరి మీదే ఉంది.

ఇద్దరూ ఊహించారు. అంగదుడి ఊహ దూరాన్ని కొలిచింది, హనుమంతుడి ఊహ దూకులోకి దిగింది. ఊహాశక్తితో ఒంట్లోకి సత్తువ తెచ్చుకోవాలనుకునేవాళ్లు మొదట పట్టుకోవలసిన తేడా ఇదేనని నా గట్టి నమ్మకం.

అలసట కండరాల్లో పుడుతుందని మనం అనుకుంటాం. అందులో నిజముంది, కానీ అంతా అక్కడే లేదు. ఇటలీలోని టూరిన్ నగరంలో ఆంజెలో మోసో అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1891లో అలసట మీదే ఒక పుస్తకం వెలువరించాడు. వేలితో బరువు లాగిస్తూ, ఆ వేలు ఎంతసేపటికి డస్సిపోతుందో గీతలుగా గీసే ఎర్గోగ్రాఫ్ అనే పరికరం తయారుచేసింది ఆయనే. విద్యార్థులకు మౌఖిక పరీక్షలు పెట్టి వచ్చిన సహోద్యోగి వేలు మామూలు రోజుకన్నా త్వరగా చేతులెత్తేయడం ఆయన గమనించాడు. రోజంతా పనిచేసింది నోరూ బుర్రా. ఓడింది వేలు.

ఆ తర్వాత నూరేళ్లు దాటాక, 2009లో, వేల్స్‌లోని బాంగోర్ విశ్వవిద్యాలయంలో సామ్యుయేలె మార్కోరా బృందం ఇదే సంగతిని ఇంకా నిక్కచ్చిగా చూసింది. కొందరికి ఒక రోజు గంటన్నర పాటు కంప్యూటర్ ముందు బుర్ర అరిగిపోయే పని ఇచ్చారు. ఇంకో రోజు అంతసేపూ డాక్యుమెంటరీలు చూపించారు. రెండు రోజులూ ఆపైన సైకిల్ ఎక్కించి, ఇక మావల్ల కాదనేదాకా తొక్కించారు. బుర్ర అలసిన రోజున సగటున దాదాపు రెండు నిమిషాలు ముందే దిగిపోయారు. గుండె పనితీరులో, ఊపిరిలో, రక్తంలో ఆ తేడాకు కారణం కనిపించలేదు. తొక్కడం కష్టంగా ఉందన్న భావన మాత్రం మొదటినుంచీ ఎక్కువగా ఉంది. అంటే అలసటలో కొంత భాగం, ఇంకెంత కష్టపడాలో మనసు ముందుగా వేసుకునే లెక్క. దాన్ని ఉత్త భ్రమ అని కొట్టిపారేస్తే తప్పు. ఆ లెక్క కాళ్లను నిజంగానే ఆపేస్తుంది. అయితే లెక్క వేసేది మనసే కాబట్టి, మనసు ముందు ఏ బొమ్మ పెడుతున్నామన్నది పట్టించుకోవలసిన విషయం.

మనసులోని బొమ్మకు ఒళ్లు ఎంతగా లోబడుతుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. పచ్చి మామిడికాయ ముక్కకు ఉప్పూ కారం అద్దిన సంగతి తలుచుకుంటే నోరూరడం అందరికీ తెలుసు. కనుపాప కూడా అంతేనని ఓస్లోలో బ్రూనో లేంగ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2014లో చూపించాడు. ఎండ కాస్తున్న ఆకాశాన్ని ఊహించుకోమంటే కనుపాప ముడుచుకుంది, చీకటి గదిని ఊహించుకోమంటే విచ్చుకుంది. గదిలో వెలుతురు మారలేదు. ఫ్రాన్స్‌లో జాన్ డెసెటీ బృందం 1991లో కొందరిని కదలకుండా ఉంచి, ట్రెడ్‌మిల్ మీద నడుస్తున్నట్టు ఊహించుకోమంది. ఊహలో వేగం పెంచేకొద్దీ గుండె, ఊపిరి కూడా జోరందుకున్నాయి.

ఆ మరుసటి ఏడాది అమెరికాలోని అయోవాలో యూ, కోల్ అనే ఇద్దరు పరిశోధకులు చిటికెన వేలిని తీసుకున్నారు. ఒక జట్టు నాలుగు వారాలు ఆ వేలితో నిజంగా కసరత్తు చేసింది. ఇంకో జట్టు అదే కసరత్తును మనసులోనే చేసింది. మొదటి జట్టుకు వేలి బలం 30 శాతం పెరిగితే, ఊహలో చేసినవాళ్లకు 22 శాతం పెరిగింది. ఏమీ చేయనివాళ్లలో మార్పు 4 శాతం లోపే. ఊహతో కండ పెరగలేదు. కండకు ఆజ్ఞ పంపే నాడుల దారి సాఫీ అయింది. మనలో ఉండి కూడా మన పిలుపుకు అందని బలం కొంత ఉంటుందన్న మాట. ఊహ దాన్ని పిలిచే పద్ధతి నేర్పుతుంది.

ఇక్కడిదాకా విన్నవాళ్లు సాధారణంగా ఒక నిర్ణయానికి వస్తారు: మంచి జరిగినట్టు ఊహించుకుంటే చాలు, ఉత్సాహం దానంతటదే వస్తుందని. ఈ సలహా ఎన్నో పుస్తకాల్లో, ఉపన్యాసాల్లో వినిపిస్తుంది. నేను దీనితో ఏకీభవించను. హెదర్ కాప్స్, గాబ్రియేలె ఓటింగెన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన ప్రయోగాలు ఇందుకు సరిగ్గా ఎదురుగా ఉన్నాయి. కోరుకున్నదంతా చక్కగా నెరవేరినట్టు ఊహల్లో తేలినవాళ్లలో ఉత్సాహం తగ్గింది, రక్తపోటులో పై అంకె కూడా దిగింది. ఇంకా అందని ఫలాన్ని మనసు అప్పుడే రుచి చూసేసింది. ఇక లేవవలసిన పనేముందని ఒళ్లు సడలింది. పరీక్ష పాసైనట్టు కలలు కన్న కుర్రవాడు పుస్తకం తెరవలేకపోవడంలో ఈ సంగతి మన ఇళ్లలోనే చూస్తుంటాం.

కాబట్టి బలమిచ్చే బొమ్మ ఫలానిది కాకూడదు, బరువంతటిదీ కాకూడదు. చేయబోయే పనిలోని తొలి కదలిక కావాలి. అది కూడా సినిమాలో మనల్ని మనం దూరం నుంచి చూసుకుంటున్నట్టు కాకుండా, లోపలినుంచి, చేతికి తగిలేలా, చెవికి వినిపించేలా ఉండాలి.

నేను పుట్టింది గోదావరి డెల్టాలో. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయిన నాటినుంచీ మా వైపు ఊళ్లకు ఏడాదంటే కాలువల రాకపోకలే. వేసవిలో కాలువలు కట్టేస్తారు. అడుగున మట్టి నెర్రెలిచ్చి, పిల్లలు కాలువలోనే ఆడుకుంటారు. వానాకాలం పంటకు నీళ్లు వదిలారన్న కబురు నీళ్లకన్నా ముందే ఊరు చేరుతుంది. ఆ తర్వాత వస్తుంది నీరు, ఎండుటాకులనూ నురగనూ ముందుకు తోసుకుంటూ. ఎదురైన ప్రతి నెర్రెలోకీ దిగుతుంది, దాన్ని నింపుతుంది, అప్పుడు ఇంకాస్త ముందుకు జరుగుతుంది. కాలువ నుంచి తూముకు, తూము నుంచి బోదెకు, బోదె నుంచి చేలోకి. గట్టు మీద నిలబడితే మట్టి నీరు తాగే చప్పుడు వినిపిస్తుంది.

మధ్యాహ్నం మూడు దాటాక, ఒళ్లు బరువెక్కి చదివిన వాక్యమే మళ్లీ మళ్లీ చదువుతున్నప్పుడు, నేను కుర్చీలో వెన్ను నిలబెట్టి కూర్చుని కళ్లు మూసుకుని ఆ నీటిని రప్పించుకుంటాను. తల వెనుక నుంచి మెడకు, భుజాలకు, మోచేతులకు, వేళ్ల కొసలకు. ఎక్కడ బిగుసుకుందో అక్కడ నీటిని ఆగి నిండనిస్తాను, తొందరపెట్టను. పాదాలదాకా చేరాక, కళ్లు తెరవకముందే, తర్వాతి పనిలోని మొదటి కదలికను పట్టుకుంటాను. చేయి చాచడం, కలం చల్లగా వేళ్లకు తగలడం, కాగితం మీద మొదటి మాట పడడం. అక్కడితో సరి. వ్యాసం పూర్తయినట్టు చూడను, ఇంకెన్ని పేజీలున్నాయో చూడను. కళ్లు తెరిచి, చూసినంత మేర చేస్తాను. కాఫీ చల్లారేంత సేపు కూడా పట్టని ఈ పనితో నాకు మరో గంట నిండుగా దొరుకుతుంది.

నా కాలువ అందరికీ పనికిరావాలని లేదు. పాలమూరు మనిషికి తొలకరి జల్లు ముఖాన పడడం కావచ్చు, విశాఖ మనిషికి తెల్లవారుజామున మోకాళ్లను కొట్టే అల కావచ్చు. బాల్యంలో ఒంటికి తెలిసిన బొమ్మకు బలం ఎక్కువ, ఎందుకంటే దాన్ని కొత్తగా కట్టుకోనక్కర్లేదు. కొందరికి మనసులో బొమ్మే కనపడదు. కళ్లు మూసుకుంటే వాళ్లకు కనిపించేది చీకటే. ఈ స్థితికి ఆడమ్ జెమన్ అనే నాడీ వైద్యుడు 2015లో అఫాంటేసియా అని పేరు పెట్టాడు. అలాంటివాళ్లు తమలో ఏదో లోపముందని దిగులు పడనక్కర్లేదు. బొమ్మ లేకపోయినా స్పర్శ ఉండొచ్చు, లయ ఉండొచ్చు, కదలబోతున్న కాలి జ్ఞాపకం ఉండొచ్చు. పడవలు లాగేవాళ్లు ఐలేసా అని గొంతు కలిపినప్పుడు లాగబోయే లాగు ముందు గొంతులో పుట్టి, ఆ వెంటనే చేతుల్లోకి దిగుతుంది.

అలసటకు ఎప్పుడూ లేవడమే మందు కాదు. విశ్రాంతి తీసుకోవడం కూడా ఊహతో నేర్చుకోవచ్చు. శవాసనం అలసటను పోగొడుతుందని, చిత్తానికి విశ్రాంతినిస్తుందని హఠయోగ ప్రదీపిక ఏనాడో చెప్పింది. ముంగేరులో బిహార్ యోగ విద్యాలయాన్ని స్థాపించిన స్వామి సత్యానంద సరస్వతి మన పూజల్లో చేసే న్యాసం నుంచి యోగనిద్ర పద్ధతిని మలిచారు. కుడిచేతి బొటనవేలి నుంచి మొదలుపెట్టి అవయవం తర్వాత అవయవంగా ధ్యాసను తిప్పుతారు. ఒళ్లు బరువైనట్టు, తేలికైనట్టు, చల్లబడినట్టు, వేడెక్కినట్టు వరసగా భావిస్తారు. ఆ తర్వాత బొమ్మలు ఒకదాని వెంట ఒకటి వచ్చి పోతుంటాయి, దేన్నీ పట్టుకోరు. లేచి పనిచేయడానికి కట్టుకునే బొమ్మ సూటిగా ఉండాలి, పడుకోవడానికి కట్టుకునే బొమ్మలు జారిపోవాలి. ఏది ఎప్పుడు కావాలో ఒళ్లే చెబుతుంది. సముద్రం మీద ఎగురుతున్న హనుమంతుణ్ని మైనాకుడనే పర్వతరాజు కాసేపు ఆగి విశ్రాంతి తీసుకోమన్నాడు. హనుమంతుడు అతణ్ని చేత్తో తాకి ముందుకు సాగిపోయాడు. మనం మాత్రం మైనాకుడు పిలిచినప్పుడు ఆగడమే మంచిది.

కొన్ని అలసటలకు ఊహ సరిపోదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019–21 లెక్కల ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్లలో చాలామందికి కావలసింది ఇనుము, మంచి తిండి. థైరాయిడ్, మధుమేహం, కునుకు పట్టని రాత్రులు, మనసును కమ్మిన దిగులు, ఇవన్నీ అలసట రూపంలో బయటపడవచ్చు. వారాల తరబడి నీరసం వదలకపోతే డాక్టరుకు చూపించుకుని రక్తపరీక్ష చేయించుకోవాలి. రోజంతా నడుం వంచి నాట్లు వేసిన కూలీకి కావలసింది కూలి డబ్బులూ నిద్రా. ఆమె అలసటకు కళ్లు మూసుకుని ఊహించుకోమని చెప్పడం అమానుషం.

ఇక చివరగా ఒక అలసట గురించి చెప్పాలి. ఉద్యోగం నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడిచే ఇల్లాలి మనసులో ఆ క్షణానికే ఎన్నో బొమ్మలు ఉంటాయి. సింకులో గిన్నెలు, ఇస్త్రీకి వేయని బట్టలు, రేపటి ఇడ్లీకి నానబెట్టని మినప్పప్పు, పిల్లవాడి ఫీజు గడువు, అత్తగారి మాత్రలు. వంటింట్లో అడుగు పెట్టకముందే ఆమె ఈ పనులన్నీ ఒకసారి మోసేసింది. అన్నిటినీ పక్కకు నెట్టి, కాళ్ల మీద చన్నీళ్లు పోసుకోవడం ఒక్కటే తలుచుకో అని ఆమెకు చెప్పొచ్చు. అది పనిచేస్తుంది కూడా. కానీ ఆ బొమ్మలన్నీ ఆమె ఒక్కదాని మనసులోనే ఎందుకుండాలి? సోఫాలో కూర్చున్నవాళ్లు ఏం చేయాలో చెప్పు చేస్తాం అంటారు. మంచి మాటే, కానీ గుర్తుపెట్టుకునే బరువు ఆమె మీదే ఉండిపోతుంది. మినప్పప్పు సంగతి ఆమె అనకముందే భర్తకో కొడుక్కో తోచాలి. డబ్బా అందుకుని, కొలిచి, కడిగి, నీళ్లు పోసి పెట్టాలి. అప్పుడు ఆమె మోస్తున్న వాటిలో ఒకటి నిజంగా దిగుతుంది. మన ఒంట్లో సత్తువ పుట్టించగల ఊహను పక్కమనిషి అలసటను ముందుగా చూడడానికి కూడా వాడాలి. దాని మొదటి ప్రయోజనం అదే కావాలని నా కోరిక.